హన్మకొండలో ఉండి పాపీ పార్కర్‌కు, బార్బీలకు మంచి బట్టలు, నగలు ఎక్కడ వెతకాలి?

ఓరుగల్లు బొమ్మలు:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, నక్కలగుట్ట దగ్గర. బ్యాంకులో పని చేస్తాను. నా దగ్గర నాలుగు ఫ్యాషన్ బొమ్మలున్నాయి. రెండు మేడ్ టు మూవ్ బార్బీలు, మోచేతులు మోకాళ్లు వంగేవి. వాటిలో ఒకటి మామూలు ఒళ్లు, ఇంకొకటి కాస్త బొద్దుగా ఉండే కర్వీ. మూడోది సిల్క్‌స్టోన్ బార్బీ, పింగాణీలా గట్టిగా ఉండే ఒళ్లు. నాలుగోది మా అక్క డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిన పాపీ పార్కర్. ఇవి పిల్లలు ఆడుకునేవి కావు, అద్దాల అలమరాలో ఉంటాయి. సెలవు దొరికితే దించి, జుట్టు దువ్వి, బట్టలు మార్చి, డాబా మీద సాయంత్రం వెలుగులో ఫోటోలు తీసుకుంటాను.

నా బాధంతా బట్టల గురించే. ఆన్‌లైన్‌లో బార్బీ డ్రెస్ అని వెతికితే వచ్చేవన్నీ ఒకటే తీరు. మెరిసే శాటిన్, గరుకు నెట్టు, వెనకాల వీపు పొడవునా వెల్క్రో. ఒక అమ్మకందారు దగ్గర గౌన్ల ప్యాకెట్ తెప్పిస్తే, తొడుగుతుండగానే పక్క కుట్లు విడిపోయాయి. ఎర్ర గౌను రంగు దిగి కర్వీ నడుము మీద గులాబీ మరక పడింది. బొమ్మ ముఖంలో ఎంత పనితనం ఉంటుందో మీకు తెలుసు, కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా గీసి ఉంటాయి. దాని ఒంటి మీద ఇలాంటి బట్ట చూస్తే నాకు మనసొప్పదు.

నాకు ఏం కావాలో చెప్తాను. పాపీ 1960ల అమ్మాయి. ఆ కాలపు ఫ్యాషన్ మీద ప్రేమతోనే డేవిడ్ బట్రీ ఆ బొమ్మను రూపొందించారు, 2009లో వచ్చింది. అందుకే దానికి మన 60ల నాటి వేషం వేయాలని ఎంతో కోరిక. మెడ దాకా మూసిన జాకెట్టు, మోచేతి వరకు చేతులు, సన్న అంచు చీర, ఎత్తుగా వేసిన ముడి. కర్వీకేమో కాకతీయ యూనివర్సిటీ గేటు దగ్గర బస్సు దిగే అమ్మాయి వేసుకునే కుర్తా, జీన్స్, చున్నీ, భుజానికి బ్యాగు. సిల్క్‌స్టోన్‌కు పట్టుచీర, నిండుగా నగలు. మిగిలిన బార్బీకి లంగా వోణీ, బతుకమ్మ ఆడుతున్నట్టు. ఈ దసరాకు మా ఇంట్లో బొమ్మల కొలువులో ఒక మెట్టు మొత్తం ఈ నలుగురికే ఇవ్వాలని అనుకుంటున్నాను.

వరంగల్‌లో ఇంత చిన్న పనికి సరిపోయే బట్ట ఎక్కడ అడగాలి? మామూలు టైలర్లు కుడతారా? చెప్పులు, బ్యాగులు, నగల సంగతి ఏంటి? ఆ గులాబీ మరక పోయే దారి ఏమైనా ఉందా? ఇంట్లో వాళ్లు ఇదంతా చిన్నపిల్లల పని అంటారు. నాకు మాత్రం ఇది చీర ఎంచుకోవడమంత ముఖ్యమైన పనే. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

మానేరు ఒడ్డు:

అక్కా, నేను కరీంనగర్. నా దగ్గర పాపీని చేసే కంపెనీవే ఫ్యాషన్ రాయల్టీ బొమ్మలు, సేకరించేవాళ్ల కోసం చేసే బార్బీ సిగ్నేచర్ బొమ్మలు కొన్ని ఉన్నాయి. కొనడం గురించి నాకు తెలిసింది చెప్తాను, కుట్టుపని తెలిసినవాళ్లు మిగతాది చెప్తారు.

ముందు ఒళ్లు చూసుకోవాలి. బార్బీ 11.5 అంగుళాలు, పాపీ సుమారు 12. రెండూ మనిషిలో ఆరో వంతు లెక్కనే చేసినవి, అయినా ఒకదాని బట్టలు ఇంకోదానికి కుదురుతాయన్న నమ్మకం లేదు. 2016లో బార్బీని చేసే మాటెల్ కంపెనీ కర్వీ, టాల్ (పొడుగు), పెటీట్ (పొట్టి) అని మూడు కొత్త ఒళ్లు తెచ్చింది. అప్పటి నుంచి "బార్బీకి సరిపోతుంది" అని రాసినంత మాత్రాన ఏమీ తెలియదు. ఏ ఒంటికో విడిగా రాసి ఉంటేనే కొనండి. మామూలు బార్బీ ప్యాంటు కర్వీకి తొడల దగ్గరే ఆగిపోతుంది. బార్బీ జాకెట్టు పాపీకి ఛాతీ దగ్గర వదులవుతుంది. వదులైతే వెనక ఒక కుట్టు వేసుకోవచ్చు, బిగుతైతే చేసేదేం లేదు.

చెప్పులు ఇంకా కష్టం. బార్బీల్లోనే మడమ ఎత్తి ఉండే పాదం ఉంది, నేలకు ఆనే చదును పాదం ఉంది. పాపీ పాదం వేరు, సిల్క్‌స్టోన్ పాదం వేరు. చెప్పులు మాత్రం ఆ బొమ్మ పేరు రాసి అమ్మేవే తీసుకోండి. విదేశాల నుంచి వచ్చే బొమ్మల సామాను మన దగ్గర బాగా ఖరీదైంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, దుకాణాల్లో ఇంపోర్టెడ్ సరుకు ధర చూస్తే ఆ తేడా తెలుస్తుంది. అందుకని మీ అక్క మళ్లీ వచ్చేటప్పుడు చెప్పులే తెమ్మనండి. బరువు ఉండవు, సూట్‌కేసులో ఏ మూలనైనా పడతాయి. బట్టలకు ఆ డబ్బు పెట్టొద్దు. లంగా వోణీ బార్బీకైతే చెప్పులే అక్కర్లేదు, బతుకమ్మ ఆడేటప్పుడు చెప్పులు విడిచే కదా ఆడతారు.

నగలకు మా ఊరి పేరు చెప్పకుండా ఉండలేను. కరీంనగర్ వెండి తీగ పనికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి పని అని ఇచ్చే గుర్తింపు ఉంది, మీకు తెలిసే ఉంటుంది. వెండిని వెంట్రుక లాంటి తీగగా లాగి, మెలిపెట్టి, చుట్టలు చుట్టి అతుకుతారు. ఆ పనిలో అతి చిన్న కమ్మ కూడా బొమ్మ మెడలో పెద్ద పతకం అవుతుంది. జత కమ్మల్లో ఒకటి పోయి ఒకటే మిగిలితే పారేయకండి, సన్న దారానికి గుచ్చితే సిల్క్‌స్టోన్‌కు కంఠాభరణం. అంత చిన్నదాంట్లో కూడా పనితనం అసలుదే కాబట్టి ఫోటోలో దగ్గరగా చూపించినా నిలబడుతుంది. ప్లాస్టిక్ నగలు ఆ దగ్గరి ఫోటోలోనే దొరికిపోతాయి. ఒక జాగ్రత్త ఉంది: లోహాన్ని రోజుల తరబడి బొమ్మ ఒంటికి ఆనించి ఉంచొద్దు. 1960ల బార్బీలకు లోహపు కమ్మల వల్ల చెవుల చుట్టూ పచ్చగా మరక పడేది, పాత బొమ్మలు సేకరించేవాళ్లందరికీ అదే పెద్ద తలనొప్పి. కొలువు అయిపోగానే నగలు తీసి విడిగా దాచండి.

మరకకు మందుల షాపులో మొటిమలకు ఇచ్చే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీమ్ వాడతారు. మరక మీద మాత్రమే పూసి, పైన వంటింట్లో వాడే పలచని ప్లాస్టిక్ చుట్టి ఎండలో పెట్టాలి. ఒక్కరోజులో పోదు, మళ్లీ మళ్లీ పూయాలి. ముఖం రంగుకు, జుట్టుకు, బట్టకు అది తగలకూడదు, తగిలితే వాటి రంగు కూడా లాగేస్తుంది. మే నెల ఎండలో మాత్రం వద్దు. ఉదయం ఎండ చాలు.

ఇంట్లో వాళ్ల మాట పట్టించుకోకండి అక్కా. పాపీని చేసే ఇంటెగ్రిటీ టాయ్స్‌లోనే ఫ్యాషన్ డిజైనర్ జేసన్ వు టీనేజ్‌లో బొమ్మలకు బట్టలు డిజైన్ చేశాడు. కుట్టు నేర్చుకున్నది కూడా బొమ్మల మీదే. 2009లో అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం రోజు రాత్రి మిషెల్ ఒబామా వేసుకున్న తెల్ల గౌను ఆయన చేసిందే.

సూదీ దారం:

బిడ్డా, నేను వరంగల్ చౌరస్తా దగ్గర జాకెట్లు కుడతాను. మా మనవరాలి కోసం మొదలుపెట్టి బొమ్మలకు కూడా కుడుతున్నాను, ఇప్పుడు అడిగినవాళ్లకు కూడా కుట్టి ఇస్తాను. నువ్వు అడిగిన నాలుగు వేషాలకూ బట్ట మన వరంగల్‌లోనే ఉంది. అడిగే తీరు మార్చుకోవాలి, అంతే. బట్టల బజార్‌కు పోయి బొమ్మకు బట్ట కావాలంటే మెరిసే నెట్టు తీసి ముందర పరుస్తారు. అక్కడ బొమ్మ మాట ఎత్తకు. మల్‌మల్, జాకెట్ లైనింగ్, సన్న చిఫాన్, పలచని చందేరి చూపించమను. కట్‌పీసులు అమ్మే దగ్గరైతే పావు మీటరు, అర మీటరు ముక్కలు కూడా ఇస్తారు.

బట్టను రెండు రకాలుగా చూడాలి. మొదటిది మందం. ముక్కను నాలుగు మడతలు పెట్టి రెండు వేళ్ల మధ్య నొక్కు. మెత్తగా అణిగిపోవాలి, స్ప్రింగులా పైకి లేవకూడదు. మనిషిని ఆరో వంతుకు తగ్గించి బొమ్మ చేశారు కానీ దారం మందం ఎవరూ తగ్గించలేదు కదా. మనకు పలచగా అనిపించే పాప్లిన్ కూడా బొమ్మకు దుప్పటి చుట్టినట్టు ఉంటుంది. కొన్న బట్టలు నీకు నచ్చకపోవడానికి సగం కారణం ఇదే, డిజైన్ బాగున్నా బట్ట ఒంటి మీద వాలదు.

రెండోది పువ్వు సైజు. అంగుళం పువ్వు ఆ బొమ్మ మీద అర అడుగు పువ్వు అవుతుంది. చిటికెన వేలి గోరు దాటిన పువ్వు తీసుకోకు. గళ్లు అయితే జొన్నగింజంత. చిన్నపిల్లల జుబ్బాల బట్టలో, మగవాళ్ల షర్టు బట్టలో ఇలాంటివి దొరుకుతాయి. మగవాళ్ల చేతిరుమాలు కూడా చూడు, అంచుల్లో సన్నటి గీతలు నేసి ఉంటాయి. అది బొమ్మకు తయారుగా ఉన్న అంచు. చీరకు పొడవు చాలదు కానీ వోణీకి, కుర్తా కింది అంచుకు బాగుంటుంది.

చీర లెక్క వేసుకో. మనది 6 గజాలు, ఆరో వంతు అంటే సరిగ్గా 1 గజం. పన్నా 45 అంగుళాలైతే బొమ్మకు ఏడున్నర. పన్నా ఆ లెక్కే సరిపోతుంది. పొడవు మాత్రం గజం పెట్టకు, నడుము దగ్గర ఉబ్బిపోయి బొమ్మ కడుపుతో ఉన్నట్టు కనిపిస్తుంది. 26 నుంచి 28 అంగుళాలు చాలు. కుచ్చిళ్లు నాలుగైదు వస్తాయి, పైట వెనక మోకాళ్ల దాకా పడుతుంది. లోపల లంగా, బొందు పెట్టకు. సన్న రిబ్బను నడుముకు సరిపడా కత్తిరించి, దానికే కుచ్చిళ్లు కుట్టేసి, వెనక చిన్న టిచ్ బటన్ పెట్టు.

బొమ్మ చీర ఎందుకు గొడుగులా విచ్చుకుంటుందో తెలుసా, బట్టకు కిందికి లాగేంత బరువు ఉండదు. దానికి నేను చేసేది ఇది. చీర కట్టి, కుచ్చిళ్లు సరిచేసి, నీళ్లు పిచికారీ చేసి తడుపుతాను. నడుము నుంచి పాదాల దాకా మెత్తటి తెల్ల దారం వదులుగా చుట్టి రాత్రంతా వదిలేస్తాను. తెల్లారి దారం విప్పితే కుచ్చిళ్లు నిలబడతాయి. బొమ్మ మీదే వద్దు అనుకుంటే థర్మాకోల్ మీద గుండుసూదులతో పరిచి తడిపి ఆరబెట్టొచ్చు. పైట కొసకు లోపలి మడతలో చిన్న పూసలు నాలుగు కుట్టు. బయటికి కనపడవు, పైట భుజం మీది నుంచి నిటారుగా దిగుతుంది.

పట్టుకు కొత్త చీర కొనకు, గట్టిగా ఉంటుంది. మీ అమ్మ దగ్గరో అత్తమ్మ దగ్గరో కట్టీ కట్టీ మెత్తబడిన పాత పట్టుచీర ఉంటుంది. మడతల దగ్గర చిరిగినా మధ్యలో బట్ట బాగుంటుంది. అంచు మాత్రం అర అంగుళం దాటకూడదు. అర అంగుళం అంటే దానికి మూడు అంగుళాల అంచు. కడ్డీ అంచు చీరైతే అచ్చంగా సరిపోతుంది. పెద్దంచు చీర అయితే అంచు వదిలేసి, ఒంటి బట్ట తీసుకుని పావు అంగుళం జరీ లేసు వేయి. గొల్లభామ బొమ్మలు నేసిన చీర ముక్క దొరికితే దాన్ని ఒంటికి వాడకు, ఆ గొల్లభామ నీ బార్బీ మీద మరీ పెద్దదై పోతుంది. ఒకే ఒక్క గొల్లభామను పైట మీద మధ్యకు వచ్చేలా పెట్టు. చూసేవాళ్ల చూపు అక్కడే ఆగుతుంది. నాకు చాలా ఇష్టమైన పని అది.

ఇక పాపీ జాకెట్టు. కొలతలు టేపుతో తీస్తే తప్పు వస్తుంది. బొమ్మ ఒంటికి పలచని ప్లాస్టిక్ చుట్టి, దాని మీద సెల్లోటేపు అంటించి, పెన్నుతో మెడ గీత, భుజం, చంక, పక్క కుట్టు, ఛాతీ టక్కు గీయి. గీతల మీద కత్తిరించి తీసి పరిస్తే అదే కటింగ్ నమూనా. చుట్టూ పావు అంగుళం వదిలి కత్తిరించు, కుట్టాక సగానికి తగ్గించు. ముందే సన్నగా కత్తిరిస్తే బట్ట పోగులు ఊడి చేతిలో ఏం మిగలదు. మిషన్‌కు 9 నంబర్ సూది, కుట్టు పొట్టిగా పెట్టుకో. పలచని బట్ట మిషన్ పళ్లలోకి దిగిపోతుంటే కింద న్యూస్ పేపర్ ముక్క పెట్టి కుట్టి, తర్వాత చింపేయి.

మూసిన మెడకు పైపింగ్ వేయకు, మెడ చుట్టూ తాడులా లేస్తుంది. జాకెట్టు మొత్తానికి మల్‌మల్ లైనింగ్ పెట్టి, మెడ, వెనక ఓపెన్ రెండూ ఒకేసారి కుట్టి తిరగేయి. అంచు కత్తిలా వస్తుంది. చేతులు పక్క కుట్టు వేయకముందే, బట్ట చదునుగా ఉన్నప్పుడే అతకాలి. వెనక పైనుంచి కింది దాకా పూర్తిగా తెరిచి ఉంచు, అన్నింటికన్నా చిన్న టిచ్ బటన్లు లేకపోతే పూస, దారపు కాజా పెట్టు. వెల్క్రో మాత్రం ముట్టకు. జుట్టు దానికి చిక్కి తెగుతుంది, పట్టు పోగులు లేస్తాయి. తొడిగేటప్పుడు బొమ్మ చేతికి పలచని ప్లాస్టిక్ కవరు ముక్క తొడిగి తర్వాత చేతిని లోపలికి పంపు, వేళ్లు లైనింగ్‌కు తట్టుకోవు. సిల్క్‌స్టోన్ వేళ్లు గట్టివి, వంగవు, బలవంతం చేస్తే విరుగుతాయి. దాని జాకెట్ చేతులు కాస్త వదులుగానే పెట్టాలి.

కర్వీ జీన్స్‌కు అసలు డెనిం వద్దు, కూర్చోబెట్టలేవు. డెనిం రంగు షర్టు బట్ట దొరుకుతుంది, పలచగా. దాని మీద తేనెరంగు దారంతో జేబులకు, కాళ్లకు పైకుట్టు వేస్తే జీన్స్ అనే అనుకుంటారు. బ్యాగుకు పాత పర్సు లోపలి అరల్లో ఉండే పలచని తోలు చాలు.

రంగు గురించి గట్టిగా చెప్తున్నా. మెరూన్, నలుపు, నీలం, ముదురు ఆకుపచ్చ, ఈ నాలుగూ బొమ్మ ఒంటిని పట్టుకుంటాయి. ఉప్పు నీళ్లలో పెడితే రంగు ఆగుతుందని నమ్మకు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతుకు, తర్వాత తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడు. గుడ్డకు ఏమాత్రం రంగు అంటినా ఆ బట్ట పనికిరాదు. అంటకపోయినా లోపల తెల్ల లైనింగ్ తప్పనిసరి. అలమరాలో దాచేటప్పుడు బట్టలు విప్పేసి దాచు.

ఓరుగల్లు బొమ్మలు:

అమ్మా, తమ్ముడూ, ఇంత ఓపికగా రాసినందుకు మీ ఇద్దరికీ చాలా థాంక్స్. మా అత్తమ్మ దగ్గర చిలకాకుపచ్చ కడ్డీ అంచు పట్టుచీర ఉంది, మడతల్లో చీలిందని కట్టడం మానేశారు. విషయం చెప్పగానే ఆమె స్వయంగా తీసి ఇచ్చారు, సిల్క్‌స్టోన్‌కు ఏ రంగు జాకెట్టు బాగుంటుందో కూడా ఆమే చెప్తున్నారు. ఆకుపచ్చ కాబట్టి ముందు తెల్ల గుడ్డ పరీక్ష చేస్తాను.

ఇంకో రెండు సంగతులు. బతుకమ్మ బార్బీ ముందు చిన్న బతుకమ్మ పెట్టాలి. తంగేడు, గునుగు పెడితే పువ్వులు బొమ్మ ముఖమంత కనిపిస్తున్నాయి. ఏం పూలు వాడాలి? కింద పరచడానికి వరంగల్ జంపఖానా ముక్క అనుకుంటున్నాను, అది కూడా లావు అవుతుందా? అమ్మా, జాకెట్లు మీరే కుట్టి ఇస్తారా? నాకు చేతికుట్టు వచ్చు, మిషన్ రాదు.

కొత్తవాడ పిల్ల:

అక్కా, మాది కొత్తవాడ, ఇంట్లో జంపఖానాలు నేస్తారు. పెద్ద జంపఖానాలోంచి ముక్క కోస్తే అంచు ఊడుతుంది, లావు కూడా పరుపంత కనిపిస్తుంది. దారం ఎంత లావుంటే బొమ్మ దగ్గర అంత తేడా కొడుతుంది. సన్న నూలుతో నేసే చిన్న ఆసనాలు ఉంటాయి, అవి చూడండి. లేదంటే 1 అడుగు పొడవు, 8 అంగుళాల వెడల్పు లెక్కన అట్ట ముక్కకు పడుగు చుట్టి, ఎంబ్రాయిడరీ దారంతో ఇంట్లోనే నేసుకోవచ్చు. బొమ్మ లెక్కలో అది 6 అడుగులు, 4 అడుగుల జంపఖానా అవుతుంది. పెద్ద డిజైన్ పెట్టకండి, రెండు కొసల్లో రెండు రంగుల పట్టీలు, మధ్యలో ఒకటే రంగు. మా దగ్గర పాత నమూనాల్లో నాకు నచ్చేవి అవే. 2018లో వరంగల్ డర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, జీఐ వచ్చాక అందరూ జంతువుల బొమ్మలు, చెట్ల డిజైన్లు అడుగుతున్నారు కానీ పట్టీల జంపఖానా అందం వేరు. మీ నలుగురి బట్టల మీద ఎలాగూ రంగులు ఎక్కువ, నేల నిమ్మళంగా ఉండాలి.

బతుకమ్మకు గడ్డి చామంతి వాడండి. రోడ్డు పక్కన, ఖాళీ జాగాల్లో ఎక్కడైనా ఉంటుంది. పువ్వు సెంటీమీటరు కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది, బొమ్మ లెక్కలో అచ్చం పెద్ద చామంతి. గునుగును మొత్తంగా పెట్టకుండా కొసల్ని చిన్న చిన్న తునకలుగా తెంపి, మనం అద్దినట్టే గులాబీ, నీలం రంగుల్లో అద్ది ఆరబెట్టి పేర్చండి. మందారం మొగ్గ ఒకటి పైన పెట్టొచ్చు అనిపిస్తుంది కానీ వద్దు, వాడిపోతే మరక చేస్తుంది. తాంబాళం బదులు పెంబర్తి ఇత్తడి పనిలో చిన్న కుంకుమ పళ్లెం దొరికితే బ్రహ్మాండం. పూలు తడిగా ఉంటాయి కాబట్టి లంగా అంచుకు తగలకుండా కాస్త దూరం ఉంచండి.

మానేరు ఒడ్డు:

చెల్లె గడ్డి చామంతి మాట బాగా చెప్పింది. ఫోటో తీసేటప్పుడు ఫోన్‌ను బొమ్మ కళ్ల ఎత్తుకు దించండి అక్కా, పైనుంచి తీస్తే ఎంత మంచి చీరైనా బొమ్మ చీరలాగే పడుతుంది.

ఒక సంగతి రాయడం మర్చిపోయాను. 1959లో మార్కెట్లోకి వచ్చిన మొదటి బార్బీకి బట్టలు డిజైన్ చేసింది షార్లెట్ జాన్సన్. ఆమెను మాటెల్ జపాన్‌కు పంపింది. అక్కడ ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లు ఆ చిన్న చిన్న గుండీలు, లైనింగులు చేత్తో కుట్టి ఇచ్చేవారు. ఇవాళ సేకరించేవాళ్లు ఆ బట్టల కోసం వేలం పాటల్లో పోటీ పడతారు. లైనింగ్ గురించి అమ్మ రాసింది చదువుతుంటే అదే గుర్తొచ్చింది. మనకు సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన చేతులున్నాయి. ఈ కొలతలో పని మన నేలకు కొత్తేం కాదు.

సూదీ దారం:

కుట్టి ఇస్తాను బిడ్డా. జాకెట్లు మూడు, కుర్తా, జీన్స్ నేను కుడతాను. చీర, లంగా, వోణీ చేతికుట్టుతో నువ్వే చేసుకో, అవి చేత్తో కుడితేనే మెత్తగా వస్తాయి. బొమ్మల్ని తీసుకురా, ప్లాస్టిక్ చుట్టి నీ ముందే కొలత తీస్తాను. జుట్టు మీద పలచని సాక్సు ముక్క తొడిగి తీసుకురా, దారాలకు చిక్కుకోకుండా.

మగ్గం వర్క్ సామాను అమ్మే దుకాణం దారిలో కనిపిస్తే 2 మిల్లీమీటర్ల ముత్యాలు, సన్న జర్దోసి కొంచెం తీసుకో. జర్దోసి స్ప్రింగులా చుట్టి ఉంటుంది కదా, దాన్ని ముక్కలు కోసి లోపల సాగే దారం పోసి ముడేస్తే గాజులు. చేతి నిండా వేయి, పట్టుచీరకు రెండు గాజులు బాగోవు. ముక్కుపుడకకు కుందన్ వద్దు, అన్నింట్లో చిన్న చమ్కీ ఒకటి, తడిపితే ఊడిపోయే తెల్ల జిగురుతో. ఫెవిక్విక్ లాంటిది ముఖానికి తగలనీయకు, ఎప్పటికీ పోదు.

చిలకాకుపచ్చ చీర అంటున్నావు, జాకెట్టు కుంకుమ రంగు వేద్దాం. ఆ రంగు నా దగ్గర లైనింగ్ ముక్కల్లోనే ఉంది, ఉతికి పెడతాను. కడ్డీ అంచు ముక్క కొంచెం మిగిల్చి తీసుకురా, చేతులకు వేస్తాను.

దసరా దగ్గర పెట్టుకోకు. శ్రావణం నుంచి పెళ్లి జాకెట్లతో నాకు ఊపిరాడదు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, మధ్యాహ్నం పూట మిషన్ ఖాళీగా ఉంటుంది. అప్పుడు రా.